యాత్రికుల కరుణ – అనాథ శిశువులు

దుర్మార్గులవలన పసిబిడ్డలకు గలుగు కీడును లోకము త్వరలోనే గుర్తించును. దానిని నిందించుటకు నోళ్లును, శిక్షించుటకు న్యాయస్థానములును గలవు. సజ్జనుల దయవలన గలుగు కీడు అట్లు కంటబడదు. అది మిఠాయిపొట్లముతో, పలకాబలపములతో, చెమ్మగిల్లిన కన్నులతో వచ్చును. తెచ్చినవాడు పుణ్యము చేసితినను తృప్తితో నింటికి బోవును. బిడ్డ మాత్రము ఉన్నచోటనే యుండిపోవును. ఇటీవలి కాలమున దూరదేశములకు విహారార్థము పోవువారిలో గొందఱు కోటలను, గుళ్లను జూచినట్లే అనాథశరణాలయములను గూడ జూచి వచ్చుచున్నారు. మఱికొందఱు వారమో నెలయో అచ్చట నిలిచి, పిల్లలకు నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్పి, ఆటలాడించి, ఛాయాచిత్రములు దీసికొని మరలివచ్చుచున్నారు. దీనికి సేవాయాత్ర యని పేరు. ఈ యాచారము క్రొత్తదిగా దోచునుగాని దీని వేళ్లు ఇంచుమించుగ మున్నూఱేండ్ల వెనుకకు బోవును. ఆ చరిత్రను బరిశీలించినచో ఒక్క విషయము మాటిమాటికి గనబడును: బిడ్డయొక్క దుస్థితి చూపఱులకు దర్శనీయమైనచోట, ఆ దుస్థితిని దీర్చుటకంటె నిలిపియుంచుటయే పలువురకు లాభకరమగును.

మొదట లండను నగరమునకు బోవుదము. థామస్ కోరమ్ అను వృద్ధనావికుడు ఆ నగరవీథులలో విడిచివేయబడిన శిశువులను జూచి కలతపడి, ఏండ్లతరబడి ధనికులను, ప్రభువులను ఆశ్రయించి, 1739లో రాజశాసనము సంపాదించెను. 1741 మార్చి 25వ తేదీన మొదటి శిశువులను జేర్చుకొనిరి. ఫౌండ్లింగు హాస్పిటలని దాని పేరు. వైద్యశాల గాదు, అనాథశిశువుల యాశ్రమము. కోరమ్ ఉద్దేశము నిష్కళంకము. కాని యాశ్రమమునకు నిత్యము ధనము గావలెను, ధనికులు రావలెను, వచ్చుటకు వారికి ఆకర్షణ యుండవలెను. హోగార్తు చిత్రపటములు గోడలకెక్కినవి. 1750లో హాండెల్ తన మెస్సయా గానమును అచ్చటి ప్రార్థనామందిరమున వినిపించెను. చేర్చుకొనుటకు స్థలము చాలకపోగా, తల్లులచేత సంచిలోనుండి బంతులు దీయించు పద్ధతి 1742లో నేర్పడెను. తెల్లబంతి వచ్చిన శిశువు లోనికి బోవును. నల్లబంతి వచ్చిన శిశువు తల్లితో వెనుకకు బోవును. ఎఱ్ఱబంతి వచ్చినచో నిరీక్షింపవలెను. ఈ దృశ్యమును జూచుటకు గొప్పయింటి స్త్రీలు వచ్చి కూర్చుండెడివారు. తరువాతి కాలమున ఆదివారమునాడు ప్రార్థన ముగిసినవెంటనే పిల్లలు వరుసలుదీరి భోజనము చేయుచుండగా చూచుట నగరవాసులకు వేడుక యయ్యెను. డికెన్సు, విల్కీ కాలిన్సు కలిసి 1867లో వ్రాసిన నో థరోఫేర్ అను కథలో ఈ భోజనశాలాఘట్టము గలదు. నోటిలోని ముద్దను అపరిచితులు చూచుచుండగా మ్రింగుట ఆ బిడ్డల కెట్లుండెనో యడిగినవారు లేరు.

ఈ యాశ్రమచరిత్రలోనే మఱియొక యధ్యాయము గలదు. 1756లో పార్లమెంటు ద్రవ్యసాహాయ్యము చేసి, తెచ్చిన ప్రతి శిశువును జేర్చుకొనవలెనని నియమించెను. ద్వారమున నొక బుట్ట వ్రేలాడదీసిరి. 1760 వఱకు సాగిన ఆ నాలుగేండ్లలో ఇంచుమించుగ 15,000 శిశువులు వచ్చిరి. దూరపుటూళ్లనుండి కూలి పుచ్చుకొని శిశువులను మోసికొనివచ్చు వృత్తియే పుట్టెను. గ్రామాధికారులు తమ ఖర్చు తగ్గుననియెంచి పేదతల్లుల బిడ్డలను బలవంతముగ గూడ బంపిరి. కొందఱు త్రోవలోనే మరణించిరి. చేరినవారిలో పదివేలమందికి పైగా బ్రతుకలేదు. ఆ నాలుగేండ్లలోనే ఇంగ్లండున తల్లుల హృదయములు ఱాళ్లయ్యెనని యెవ్వరు నమ్ముదురు? శిశువును దీసికొను చోటు ఏర్పడెను. దానికి ద్రవ్యము చేరెను. వెంటనే శిశువును దెచ్చువాడు పుట్టెను. ఈ సూత్రమును మనస్సున నుంచుకొనవలెను. రెండున్నరశతాబ్దుల తరువాత ఆసియాఖండమున నిదే మరల గనబడును.

పందొమ్మిదవ శతాబ్దిలో ఛాయాచిత్రము వచ్చెను. అంతటితో చూపఱి యాశ్రమమునకు రానక్కఱలేకపోయెను. ఆశ్రమమే చూపఱి యింటికి వచ్చెను. 1870లో లండనులోని స్టెప్నీయందు బాలుర యాశ్రమమును స్థాపించిన థామస్ బర్నార్డో, చేరకముందు చింపిరిగుడ్డలతో, చేరినతరువాత శుభ్రవస్త్రములతో నున్న బాలుని చిత్రములను జంటగా నచ్చువేయించి విక్రయించెను. చిత్రముకొఱకు పిల్లల బట్టలను మఱింత చింపించుచున్నాడని యపవాదము గలిగెను. 1877లో మధ్యవర్తులు విచారణ జరిపి, అతని కార్యమును మొత్తముమీద మెచ్చుకొనుచునే, ఇట్టి కల్పితచిత్రములు తగవనియు, ఇవి మోసముగా బరిణమించి ధర్మకార్యమునకే ముప్పు దెచ్చుననియు దీర్పుచెప్పిరి. బర్నార్డో బిడ్డలకు అన్నము పెట్టినమాట నిజము. బిడ్డయొక్క దైన్యమును ద్రవ్యముగా మార్చుకొనిన మాటయు నిజము. రెండును ఒక్కచేతనే జరుగవచ్చుననుటకు ఇది నిదర్శనము.

ఇరువదవ శతాబ్దిలో ప్రభుత్వమే ఈ మార్గమున నడచిన యుదాహరణము కానడాదేశమున గలదు. 1934 మే 28వ తేదీన ఒంటేరియో రాష్ట్రములో, కాలండర్ గ్రామసమీపమున, డియాన్ అను పేద వ్యవసాయకుటుంబమునందు ఒక్క కాన్పున ఐదుగురు ఆడుబిడ్డలు పుట్టిరి. ఒక్క కాన్పున బుట్టిన ఐదుగురు శిశువులు బ్రతికి పెరుగుట అంతకుముందు లోకమెఱుగదు. చికాగో ప్రదర్శనకు బిడ్డలను దీసికొనిపోవుటకు కొందఱు తండ్రితో నొడంబడిక వ్రాయించుకొనిరి. అంతట రాష్ట్రప్రభుత్వము అడ్డుపడి, బిడ్డలను వ్యాపారులబారినుండి రక్షింపవలెనని సంరక్షకత్వమును దాను వహించెను. 1935లో ప్రత్యేకశాసనము చేసి వారిని తన పాలితులుగా బ్రకటించెను. ఇంతవఱకు ప్రశంసనీయమే. తరువాత జరిగినదేమి? పుట్టినయింటి కెదురుగనే వారికి వేఱొక భవనము గట్టిరి. తల్లిదండ్రులు తమ బిడ్డలను జూచుటకు నధికారుల యనుమతి వేడవలసివచ్చెను. 1936లో ఆటస్థలముచుట్టు చూపఱులకొఱకు కప్పుగల నడవ గట్టి, సన్నని జాలి యమర్చిరి. దినమునకు రెండుమాఱులు బిడ్డలను ఆటకు విడిచెడివారు. జాలికావల వేలకొలది జనము మౌనముగ నడచిపోవుచుండెడివారు. 1943 వఱకు అట్లు వచ్చినవారు ముప్పదిలక్షలని లెక్క. ప్రవేశరుసుము లేదు; అయినను పూటకూళ్లయిండ్లు, అంగళ్లు, పెట్రోలుమీది పన్ను ఆ ప్రాంతమును సంపన్నము చేసినవి. తండ్రియు ఎదురుగ అంగడి పెట్టి జ్ఞాపికలు విక్రయించెను. రక్షకుడుగా వచ్చిన ప్రభుత్వము ప్రదర్శకుడుగా మాఱెను. 1943లో బిడ్డలు తల్లిదండ్రులను జేరునప్పటికి ఆ కుటుంబము వారికి పరాయిదయ్యెను. 1998లో, జీవించియున్న ముగ్గురు సోదరీమణులకు ఒంటేరియో ప్రభుత్వము నలుబదిలక్షల డాలర్లు పరిహారముగ నిచ్చుట కొప్పుకొనెను. అంతకు ముందటి సంవత్సరము అమెరికాలో ఒక్క కాన్పున ఏడుగురు పుట్టినప్పుడు ఆ ముగ్గురు, బిడ్డలను వినోదవస్తువులుగ జేయవలదని ఆ తల్లిదండ్రులకు బహిరంగలేఖ వ్రాసిరి. అరువది యేండ్లు గడచినను ఆ జాలివెనుకటి కన్నులను వారు మఱవలేదు.

ఇంతలో పశ్చిమదేశములలో అనాథాశ్రమములపై నమ్మకము సడలెను. 1951లో జాన్ బౌల్బీ ప్రపంచారోగ్యసంస్థకు సమర్పించిన నివేదికలో, శిశువునకు అన్నవస్త్రములవలెనే స్థిరమైన మాతృప్రేమయు నవసరమని నిరూపింప బ్రయత్నించెను. 1989 విప్లవానంతరము రుమేనియాలో లక్షకు మించిన బిడ్డలు ఆశ్రమములలో గనబడగా లోకము నివ్వెఱపోయెను. తరువాత బుకారెస్టులో 136 మంది శిశువులపై శాస్త్రజ్ఞులు పరిశోధన సాగించి, ఆశ్రమమునుండి పెంపుడుకుటుంబములకు బోయిన బిడ్డల బుద్ధియు, మమతాబంధమును మెఱుగుపడుటను, అందును రెండేండ్లలోపల బోయినవారికి మేలు హెచ్చుగ గలుగుటను గనిపెట్టిరి. ఈ జ్ఞానముతో ఐరోపాదేశములు తమ యాశ్రమములను ఒక్కటొక్కటిగ మూసివేయసాగినవి. విచిత్రమేమన, తమ దేశమున మూయబడుచున్న సంస్థలనే ఆ దేశముల యాత్రికులు తమ ధనముతో ఆసియాలో దెఱపించిరి.

కంబోడియాచరిత్ర దీనికి ముఖ్యసాక్ష్యము. 1975 మొదలు 1979 వఱకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో ఆ దేశము స్మశానమయ్యెను. అప్పుడు అనాథలు నిజముగనే వేలకొలది యుండిరి. 1991లో శాంతియొడంబడిక జరిగెను. క్రమముగ ఆంకోర్ దేవాలయములను జూచుటకు విదేశీయులు రాసాగిరి. 2000లో ఐదులక్షలకు లోబడిన యాత్రికులసంఖ్య 2010 నాటికి ఇరువదియైదు లక్షలకు జేరెను. యుద్ధము ముగిసి తరము గడచినది, అనాథలు తగ్గవలెను. జరిగినది విపరీతము. 2005–2010 నడుమ అనాథాశ్రమముల సంఖ్య నూటికి 75 వంతులు పెరిగెను. ఆ దేశప్రభుత్వమును, యునిసెఫ్ సంస్థయు గలసి 2011లో బ్రకటించిన పరిశీలనమునుబట్టి ఆశ్రమములలోని బిడ్డలలో నాలుగింట మూడువంతులమందికి తల్లియో తండ్రియో జీవించియే యుండిరి. వారిని జేర్పించినది మృత్యువు గాదు; దారిద్ర్యమును, చదువుమీది యాశయును. బడిఖర్చు భరింపలేని తల్లి, ఆశ్రమమున ఇంగ్లీషు చదువు దొరకునని విని బిడ్డను బంపెను. ఆశ్రమములు యాత్రికులు దిగు పట్టణములలో వెలసినవి. కొన్నిచోట్ల సాయంకాలమున పిల్లలచేత నాట్యమాడించి చందాలు వసూలు చేసిరి. నిర్వాహకునికి బిడ్డ బాగుపడుటవలన లాభములేదు; బలిసిన బిడ్డకు, నవ్వుచున్న బిడ్డకు చందా రాదు. 2011లోనే ప్నోంపెన్‌నందు కొందఱు సేవకులు, బిడ్డలు దర్శనీయస్థలములు గారని చాటుచు ప్రచారము మొదలిడిరి. 2015లో ఆ ప్రభుత్వము ఆశ్రమముల నిర్వహణమునకు నియమములు చేసి, బిడ్డలను కుటుంబములకు మరల జేర్చు ప్రయత్నమునకు గడంగెను.

నేపాళమున ఈ వ్యాపారము ఇంకను క్రూరరూపము దాల్చెను. 1996 మొదలు 2006 వఱకు జరిగిన అంతర్యుద్ధకాలమున హుమ్లామొదలగు దూరపర్వతప్రాంతములకు దళారులు వెళ్లి, బిడ్డలను కాట్మండూలో బడికి బంపుదుమని నమ్మించి, తల్లిదండ్రులవద్దనే సొమ్ము గైకొనిరి. పిమ్మట తల్లిదండ్రులు మరణించినట్లు పత్రములు సృష్టించి, అనాథలను బేర బిడ్డలను ఆశ్రమములలో నుంచి, విదేశీయులవద్ద రెండవమాఱు సొమ్ము గైకొనిరి. తల్లి కొండమీద బిడ్డకొఱకు ఎదురుచూచుచుండును. బిడ్డ నగరమున తల్లి చనిపోయినదని చెప్పవలసియుండును. కాగితముమీది అనాథలని వీరికి పేరు వచ్చెను. ఆ దేశపు డెబ్బదియైదు జిల్లాలలో ఆశ్రమములలో నధికభాగము కాట్మండూ, లలితపురము, భక్తపురము, కాస్కీ, చిత్వన్ అను ఐదింటనే యుండెను. యుద్ధముగాని, కఱవుగాని ఆ ఐదుజిల్లాలనే యెన్నుకొనలేదు, యాత్రికు లెన్నుకొనిరి.

అచ్చటికి బోయిన యువకుల మనస్సు మంచిదే యని యొప్పుకొందము. అయినను ఉపాధ్యాయవృత్తిలో నున్నవాడనుగాన నాకొక ప్రశ్న తోచును. పరిచయములేని యొక పరదేశి మన యూరి పాఠశాలకు వచ్చి, శిక్షణము లేకయే రెండువారములు తరగతి నడిపెదననియు, పిల్లలను ఒడిలో గూర్చుండబెట్టుకొని ఛాయాచిత్రములు దీసికొనెదననియు గోరినచో మనము సమ్మతింతుమా? మన బిడ్డలకు గూడనిది పేదబిడ్డలకు వర మెట్లగును? ఆ బిడ్డ ప్రతి క్రొత్తవానిని పరుగెత్తివచ్చి కౌగిలించుకొనును. చూచినవాడు ప్రేమ యనుకొనును. అది పదేపదే విడిచిపోబడినందున నిలువుటాధారమునకై వెదకుచున్న శిశువు చేష్ట. రెండువారముల పిదప అతడు పోవును, మఱియొకడు వచ్చును, వాడును బోవును. ప్రతి వీడ్కోలును యాత్రికునికి మధురస్మృతి. బిడ్డకు మఱియొక వియోగము.

తెఱచిన తలుపులో సజ్జనుడొక్కడే ప్రవేశింపడు. 1991లో గోవాలోని మడ్గావ్ పట్టణమున బాలుర యాశ్రమము నడుపుచుండిన ఫ్రెడ్డీ పీట్స్ అనువాడు, ఆ బాలురను విదేశయాత్రికుల దుష్కామమునకు లోబఱచుచుండెనని బయలుపడెను. 1996లో వానికి యావజ్జీవశిక్ష పడెను. అంతవఱకు వానిని దీనబంధువని లోకము నమ్మినది. ఆసియాఖండపు యాత్రాస్థలములలో బిడ్డల నిట్లు చెఱచుటను మాన్పుటకై 1990లో థాయిలాండునందు ఎక్పాట్ ఉద్యమము పుట్టెను. 1996లో స్టాక్‌హోమున లోకసభ జరిగెను. 1998లో యాత్రలు నడుపు వ్యాపారసంస్థలు తమ యుద్యోగులకు శిక్షణ మిచ్చుటకును, యాత్రికులను హెచ్చరించుటకును నియమావళి యేర్పడెను. గోవా 2003లో బాలల శాసనము చేసెను. 2012లో దేశమంతటికిని పోక్సో చట్టము వచ్చెను.

దుర్మార్గుని శిక్షించు శాసనములకంటె మొదటినుండియు జటిలమైనది సజ్జనుని నియమించుట. 1989 నవంబరు 20వ తేదీన ఐక్యరాజ్యసమితి యంగీకరించిన బాలల హక్కుల యొడంబడికలో బిడ్డను తల్లిదండ్రులనుండి యకారణముగ వేఱుచేయరాదని యొక హక్కు గలదు. భారతదేశము 1992లో ఆ యొడంబడికలో జేరెను. 2009నాటి సమితి మార్గదర్శకసూత్రములు, దారిద్ర్య మొక్కటే బిడ్డను ఇంటినుండి తొలగించుటకు గారణము గారాదని స్పష్టముచేసినవి. 2018లో ఆస్ట్రేలియా నవీనదాస్యనిరోధకశాసనము చేయు సందర్భమున, లాభార్థము బిడ్డలను ఆశ్రమములకు దరలించుటను దాస్యభేదముగ బరిగణించినది. 2019 డిసెంబరులో సమితి మహాసభ, అనాథాశ్రమములలోని స్వచ్ఛందసేవవలనను, యాత్రలవలనను గలుగు హానిని నివారింపుడని రాజ్యములను గోరినది. కోరమ్ సంపాదించిన రాజశాసనమునుండి ఈ తీర్మానము వఱకు వచ్చుటకు లోకమునకు రెండువందల యెనుబదియేండ్లు పట్టెను.

ఆకలితో నున్న బిడ్డకు ఆశ్రమమైన మేలుగాదా యని యాక్షేపింపవచ్చును. నిజముగ దిక్కులేని బిడ్డకు ఆశ్రయము వలసినదే. అట్టి సంస్థలను నిష్ఠతో నడపువారు నమస్కారార్హులు. కాని యాశ్రమమున బిడ్డకు జేయు ఖర్చుతో, అదే బిడ్డను తల్లియొద్దనే యుంచి చదివింపవచ్చును. పెక్కుచోట్ల ఖర్చు తక్కువయే యగును. అట్లు చేసినచో చూచుటకు ఏమియు నుండదు. తల్లి వంటచేయును, బిడ్డ బడికి బోవును. ఛాయాచిత్రమునకు రాని దృశ్యమిది. అందువలననే దీనికి చందా దొరకదు.

ఇప్పుడు మన యిండ్లను జూచుకొందము. విదేశయాత్రికులను నిందించుట సులభము. మన పట్టణములలో బిడ్డ పుట్టినదినమునకు, పెద్దల వర్ధంతులకు అనాథాశ్రమమున కేగి భోజనము పెట్టుట సదాచారమై వర్ధిల్లుచున్నది. కొత్తబట్టలు దొడిగిన మన బిడ్డ నడుమ నిలుచును. తన పుట్టినదినమేదో యెఱుగని నలుబదిమంది బిడ్డలు చుట్టు నిలిచి చప్పట్లు చఱతురు. మనము ఛాయాచిత్రములు దీసి బంధుమిత్రులకు బంపుదుము. అన్నము పెట్టుట పుణ్యమే. ఆ యన్నమునకు వెలగా బిడ్డ తన దైన్యమును మన కెదుట నిలువబెట్టవలసివచ్చుట పుణ్యము గాదు. లండనులోని ఆదివారపు భోజనశాల మన వీథి చివరనే యున్నది. సంరక్షణలోనున్న బిడ్డల గుఱుతు బయలుపఱచుట 2015నాటి బాలన్యాయచట్టముచే నిషిద్ధమని మనలో నెందఱకు దెలియును?

మన సంస్కర్తలకు ఈ తత్త్వము తెలియనిది గాదు. 1874లో వివేకవర్ధనిని స్థాపించిన వీరేశలింగం పంతులుగారు భోగముమేళములను ఖండించినప్పుడు, ఆడుదానిని నిందించుటతో నిలువక, శుభకార్యముపేర మేళము పెట్టించు గృహస్థుని, ముందువరుసలో గూర్చుండు విద్యావంతుని నిలదీసిరి. పెద్దమనుష్యులు చూచుట మానినచో ఆడించువాడు మానునని ఆ యుద్యమము నమ్మెను. బాలికలను ఆలయములకు సమర్పించుటను నిషేధించు శాసనము 1947లో మదరాసు రాష్ట్రమున వచ్చుటకు ముందే, అనేకకుటుంబములలో ఆ ముందువరుస ఖాళీ యయ్యెను. శాసనమునకు దారిదీసినది ఆ ఖాళీయే.

కావున చేయవలసినది కష్టమైనది గాదు. ఈయదలచినవారు బియ్యమును, ఫీజును, బట్టలను కార్యాలయమున నిచ్చి, బిడ్డలను జూడగోరకయే మరలవలెను. గుప్తదానమును మనవారు మెచ్చుట ఊరక గాదు. ఇచ్చుటకు ముందు, సంస్థ బాలన్యాయచట్టముక్రింద నమోదైనదా, బిడ్డలలో నెందఱకు తల్లిదండ్రులు గలరు, వారిని ఇంటికి జేర్చుటకు నిరుడు ఏమి చేసితిరి అని యడుగవలెను. అపరిచితులను బిడ్డలనడుమకు రానీయని సంస్థను గర్వమని తప్పుపట్టక మెచ్చుకొనవలెను. బిడ్డకు కీడు జరుగుచున్నదని యనుమానము గలిగినచో 1098 సంఖ్యకు ఫోనుచేయవలెను. కుటుంబముననే యుంచి బిడ్డను పోషించుటకు మిషన్ వాత్సల్య పథకమున నెలకు 4,000 రూపాయలు సాహాయ్యము గలదు; మన వాడలోని నిరుపేద వితంతువుచేత దానికి దరఖాస్తు వ్రాయించుట, ఒకనాటి విందుకంటె ఆమె బిడ్డకు పదిరెట్లు మేలు. దూరదేశయాత్రకు బోవు మన యువకులు గుళ్లను జూతురుగాక, కొండలను జూతురుగాక. అనాథశరణాలయమను పలక గనబడినచో ముందుకు సాగిపోవుదురుగాక. వారు నడచిపోయిన ఆ తలుపువెనుకనుండి ఒక బిడ్డ ఏనాటికైన తన తల్లియొద్దకు మరలుటకు వీలు గలుగును.